ఉప్పలయ్య గుండెలో ఒక పూట

నేను ఒక సన్నని తీగను. డాక్టర్లు కాథెటర్ అంటారు. లయ తప్పిన గుండెలోకి వెళ్ళి, తప్పు పుట్టే చోటు వెతికి, అక్కడ వాత పెట్టడం నా పని. సముద్రం అవతల, చల్లని గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు నా కొసకు లోహపు మొన అతికించారు. నేను ఏ గుండెకు పోతానో వాళ్ళూ చెప్పలేదు. పెట్టెలో పడి ఎదురుచూశాను.

పట్నం దవాఖానలో డాక్టర్ సుహాసిని నన్ను బయటికి తీసింది. బల్ల మీద ఉప్పలయ్య. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. గుండె గాలిలో తాటాకులా అల్లాడేది. నిరుడు ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మూతుల చుట్టూ వాత పెట్టారు. కొన్నాళ్ళకే తిరగబెట్టింది. మళ్ళీ చెట్టెక్కినందుకేనని భార్య అండాలు అతను చెట్టెక్కే మోకుతాడును దాచేసింది.

"ఈసారన్న చెట్టెక్కుతనా డాక్టరమ్మా?"

"ముందు కదలకుండా పడుకోండి."

తొడ దగ్గరి సిరలోంచి పైకి పోయాను. పాత వాతలు గట్టిగానే ఉన్నాయి. తప్పు అక్కడ లేదు. తల నుంచీ చేతుల నుంచీ రక్తం దించే పెద్ద సిర గోడలో ఉంది. వాతకు ముందు డాక్టరమ్మ నా మొనలో కొద్దిగా కరెంటు పంపి చూసింది. ఉప్పలయ్యకు ఎక్కిళ్ళు వచ్చాయి.

"ఎవరో తల్చుకుంటున్నరు."

"ఎవరు, మీ ఆవిడా?"

"దానికంత తీరికేడిది. తాటిచెట్టే అయ్యుంటది."

నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఊపిరి ఆడించే నరం ఆ గోడ వెనకే ఉందన్నమాట. అది కాలితే ఆయాసం మిగులుతుంది. నన్ను కొంచెం పక్కకు జరిపింది. ఎక్కిళ్ళు ఆగాయి. వాత పెట్టాను.

అల్లాడటం ఆగింది. మందెక్కించి రెచ్చగొట్టినా గుండె లయ తప్పలేదు. కాసేపు ఆ గోడకు ఆనుకొని ఉన్నాను. అంతకు మించిన సుఖం నాకు తెలియదు.

తరువాత నన్ను తీసి పళ్ళెంలో పడేశారు. తెరిచిన తలుపులోంచి, బయట కాచుకున్న అండాలుతో డాక్టరమ్మ మాటలు వినిపించాయి.

"తప్పు పైసిరలో ఉందమ్మా. చెట్టెక్కడం వల్ల వచ్చింది కాదు," అంది డాక్టరమ్మ.

"యాడాది సంది చెట్టును తిడ్తనే ఉన్న గద," అంది అండాలు.

"మళ్ళీ ఎక్కాలంటే మూడు నెలలు ఆగాలి. పరీక్ష చేసి అప్పుడు చెబుతా."

"మోకు అటకమీదున్నది. ఎలుకలు కొరికినయో ఏమో, దించి సూడాలె."

నన్ను వాడి పారేసేవాటి ఎర్ర సంచిలో వేశారు. మనుషులు ఒక గుండెలో చోటు దొరికితే ఏళ్ళకేళ్ళు అక్కడే ఉండి సణుగుతారు. నాకు దొరికింది ఒక పూట. రేపు ముక్కలు చేస్తారు. ఉప్పలయ్య మోకు నడుముకు చుట్టి మొదటి అడుగు పైకి వేసేటప్పుడు గుండె ఎట్లా కొట్టుకుంటుందో, ఆ గోడకు తెలుస్తుంది. నాకు తెలియదు.