గంగాధరప్ప ఉగ్రాణం

గూళూరులో గంగాధరప్పకు పొలముంది, బోరులో నీళ్లున్నాయి, ఇంట్లో భార్య మునిరత్నమ్మ ఉంది. లేనిదల్లా మనశ్శాంతి. కరోనా రోజుల్లో అంగళ్లన్నీ మూసేసినప్పుడు ఇంట్లో బియ్యం నిండుకుని, పక్కింటి చిక్కమ్మ వాకిట్లో చేట పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. చిక్కమ్మ మారుమాట లేకుండా ఇచ్చింది, ఇచ్చిన సంగతి కూడా మరచిపోయింది. గంగాధరప్ప మాత్రం మరచిపోలేదు. ఇక జన్మలో ఎవరి ముందూ చెయ్యి చాపకూడదనుకున్నాడు.

ఫోనులో వీడియోలు చూసి వెనక గదిని ఉగ్రాణం చేశాడు. బాగేపల్లి నుంచి నీలం డ్రమ్ములు తెచ్చి వరసగా నిలబెట్టి బియ్యం, రాగులు, ఉలవలు, కందిపప్పు నింపాడు. గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పెళ్లికెళ్లినా చావుకెళ్లినా కూర్చున్న చోటల్లా అదే పాఠం. రేపటి సంగతి ఎవరికీ తెలియదు, ఇంట్లో రెండేళ్ల తిండి లేనివాడు సంసారే కాడు. వినేవాళ్లు తలూపుతూనే, ఆకులో పాయసం చల్లారిపోతోందని లోలోపల ఏడ్చేవాళ్లు.

ఆ ఉగ్రాణానికి ఒకటే చట్టం. పాతది ముందు తినాలి, కొత్తది వెనక పెట్టాలి. వినడానికి ఎంతో తెలివైన మాట. తినడానికి కూర్చున్నాకే దాని రుచి తెలిసింది. గదినిండా సరుకు ఉండడంతో, పాతది అయిపోయేలోగా కొత్తది కూడా పాతబడేది. పొలం నుంచి ఘుమఘుమలాడే రాగులు ఇంటికొస్తుంటే మునిరత్నమ్మ ముక్కిపోయిన పిండితో ముద్ద కెలికేది. బియ్యం చేటలో పోస్తే ముందు పురుగులు నడిచొచ్చేవి. వంటకు పేరుపడ్డ మనిషి ఆమె. ఇప్పుడు చుట్టాలు ఆమె చేతి అన్నం తింటూ నీళ్లెక్కువ తాగుతున్నారు. కొత్త బియ్యం కొంచెం తీయమని అడిగితే, కష్టకాలానికి దాచినది ముట్టకూడదనేవాడు. ఆ ఇంట్లో కొత్త పంట రుచి చూసింది ఎలుకలే.

ఒక ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. వంక పొంగి దారి తెగింది, కరెంటు పోయింది. చింతామణిలో పెళ్లికి పోతున్న బస్సొకటి ముందుకు పోలేక, వెనక్కి రాలేక గూళూరులో చిక్కుకుంది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులతో సహా అందర్నీ బడిలో దించారు. ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు పట్టుకొచ్చి ఇస్తున్నారు. చిక్కమ్మ ఇంట్లో ఉన్న పిండిడబ్బాను అట్లే ఎత్తుకుని, కొంగు కప్పుకుని వానలో పోయింది. మునిరత్నమ్మ వాకిట్లో నిలబడి అది చూసింది. గదినిండా తిండి పెట్టుకుని ఉత్త చేతులతో నిలబడ్డందుకు తలెత్తుకోబుద్ధి కాలేదు. లోపలికొచ్చి మొగుణ్ణి తాళంచెవి అడిగింది.

“ఇది ఉత్త వాన,” అన్నాడు గంగాధరప్ప. “రెండు దినాలు కురిసి పోతాది. కష్టకాలమంటే వేరే ఉంటాది.”

“అది వచ్చిందని నీకు ఎవురొచ్చి చెప్తారు?”

అతను చూసిన వీడియోల్లో ఆ భాగం రాలేదు.

అంతలో పంచాయతీ మెంబరు పిళ్ళప్ప మరికొందరితో వచ్చి అరుగు మీద నిలబడ్డాడు. గంగాధరప్ప ముందుచూపున్న మనిషని, ఇట్లాంటి నాటికే అంత దాచిపెట్టాడని ఎంతో మర్యాదగా అన్నాడు. అది ఇన్నేళ్లుగా గంగాధరప్ప తానే ఊరంతా చాటుకున్న మాట. కాదంటే తన గొప్పను తానే కొట్టేసుకున్నట్టవుతుంది. గొంతు సవరించుకుని, ఆ పిలుపు కోసమే కాచుకుని ఉన్నవాడిలా పోయి గది తాళం తీశాడు.

మొదటి డ్రమ్ము మూత తీయగానే పిళ్ళప్ప వెనక్కి జరిగాడు. బియ్యం బూజుపట్టి గడ్డకట్టింది. పైనే అట్లుంటుందని, లోపల బాగుంటుందని గంగాధరప్ప మోచేతి దాకా చెయ్యి పెట్టి తవ్వాడు. లోపల నిజంగానే బాగుంది, పురుగులకు. అవి అతని చెయ్యి పట్టుకుని పైకెక్కాయి. పక్కదాంట్లో కందిపప్పు పిండైపోయింది. రాగులు నిండుగా ఉన్నాయి గానీ కరెంటు లేక పిండిమిషన్ ఆడదు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే అతనికి కాస్త నయంగా ఉండేది.

మునిరత్నమ్మ చెంగు నడుముకు చుట్టి, డ్రమ్ములను పక్కకు తోసుకుంటూ వెనక గోడ దాకా పోయింది. మొన్నమొన్న తెచ్చిన బియ్యం, కొత్త ఉలవలు అక్కడున్నాయి.

“అవి వరస ప్రకారం ఆఖర్న,” అన్నాడు గంగాధరప్ప నీరసంగా.

“వరస సంగతి బడికాడ ఆకలితో ఉండారు, వాళ్లకు చెప్పుపో,” అని ఆమె బియ్యం మూటను పిళ్ళప్ప భుజానికెత్తింది.

బడి వరండాలో పొయ్యిలు పెట్టి అన్నం, ఉలవచారు చేశారు. పెళ్లివాళ్లు కడుపునిండా తిన్నారు. మునిరత్నమ్మ కూడా ఒక మూల కూర్చుని తింది. తన ఇంటి బియ్యానికి ఇంత మంచి వాసన ఉందని ఆమె మరచిపోయి చాలా కాలమైంది. మళ్లీ పెట్టించుకుని తింది.

నీళ్లు తగ్గి బస్సు పోయాక పంచాయతీలో గంగాధరప్పకు శాలువా కప్పి సన్మానం చేశారు. అతను మైకు వదలకుండా ముందుచూపు గురించి మాట్లాడాడు. అందులో పురుగుల ఊసు లేదు, చిక్కమ్మ పిండిడబ్బా ఊసూ లేదు. విన్నవాళ్లలో కొందరు ఆ వారమే పోయి నీలం డ్రమ్ములు కొనుక్కొచ్చుకున్నారు.

సభ నుంచి ఇంటికొచ్చాక మునిరత్నమ్మ, ఇకమీద పొయ్యి మీదికి కొత్తవే ఎక్కుతాయని తేల్చి చెప్పింది.

“పాతవి తినాలనుంటే నువ్వే వండుకోప్పా,” అంది. “ఆ శాలువా కప్పుకోనే వండుకో.”

పంతానికి అతను నిజంగానే వండుకున్నాడు, వదలకుండా తిన్నాడు కూడా. మరునాడంతా మజ్జిగతో గడిపాడు. ఆ తర్వాత పురుగుపట్టిన సరుకంతా పేరేసంద్ర దగ్గరి ఒక కోళ్ల షెడ్డుకు పోయింది. పురుగులుంటేనే కోళ్లు ఇష్టంగా తింటాయని షెడ్డాయన సంతోషించాడట. ఆ ఒక్క మాట పట్టుకుని, తాను దాచిందేదీ వృథా పోలేదని గంగాధరప్ప ఇప్పటికీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాడు.