రద్దు జాబితాలో రేవతి

2007లో, తిరుపతిలో మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో నాకు అప్పగించిన పని చిన్నది. విదేశాల్లోని పెద్ద కంప్యూటర్ల మీద లెక్కలు చేయించుకోవాలనుకునే పరిశోధకులు నా ఎదుట నిలబడాలి. కార్డులో ఫొటో, ఎదుటి ముఖం ఒకటేనా అని చూసి నేను సంతకం పెడతాను. దాన్ని నమ్మి పై ఆఫీసు డిజిటల్ సర్టిఫికెట్ ఇస్తుంది. అది చూపితే ఇటలీ, తైవాన్ యంత్రాలు లోపలికి రానిస్తాయి. వడమాలపేట పక్క పల్లెలో చదువుకున్నవాడి మాట అన్ని దేశాల్లో చెల్లుతోందని నాకు లోపల కాస్త గర్వంగానే ఉండేది.

సర్టిఫికెట్‌తో పాటు ఒక రహస్య తాళం ఉంటుంది. చిన్న ఫైలు, దానికో పాస్‌వర్డు. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

రేవతిది వాన మబ్బుల మీద పరిశోధన. ఇటలీ యంత్రం మీద ఆమెకు నలభై రోజుల వంతు దొరికింది. ఆ లెక్క పూర్తయితేనే థీసిస్. ఇరవై రెండో రోజు పై ఆఫీసు నుంచి నాకు మెయిల్ వచ్చింది. రేవతి సర్టిఫికెట్‌తో ఒకే సమయంలో రెండు చోట్ల నుంచి లోపలికి వచ్చారట. విచారించి రాయమన్నారు.

విచారించడానికేముంది? రేవతికి గైడు అయిన ప్రొఫెసర్ ప్రేమానందం దగ్గర చేరిన పిల్లలు ముందు తమ డిగ్రీ పత్రాలు ఆయనకు ఇవ్వాలి. థీసిస్ అయ్యేదాకా అవి ఆయన బీరువాలోనే. ఈ తాళాలు వచ్చాక వాటి నకళ్లు ఎక్కించిన సీడీలనూ, పాస్‌వర్డులు రాసిన చీటీలనూ అక్కడికే చేర్చుకున్నాడు. చక్రధర్ అనే కొత్త విద్యార్థికి ఇంకా సర్టిఫికెట్ రాలేదని రేవతి తాళం తీసి ఇచ్చాడు.

జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టాను. ఆయనే ఫోన్ చేశాడు.

"ఏమప్పా మునికృష్ణా, ఏందో రాస్తాండావంట?"

"జరిగింది రాస్తాండా సార్."

"నా పిల్లోళ్ల బీగంచెవులు నా కాడ గాక యాడుంటాయి? పెద్దోడు పెట్టుకునేది తప్పా? బాగుండాదప్పా నీ సదువు!"

మధ్యాహ్నం రేవతి వచ్చింది.

"నేనే ఇష్టపడి ఇచ్చినానని రాసేయన్నా."

"ఇష్టపడి ఇచ్చినావా?"

"అడిగితే ఇచ్చినా. నా ఇష్టం ఎవురడిగినారు?"

"ఆయన తీసుకున్నాడని రాస్తే ఈ తాళం మార్చి రెండు దినాల్లో కొత్తది ఇస్తారమ్మా. లెక్క మళ్లీ సాగుతాది."

"లెక్క సాగుతాది. థీసిస్ మీద సంతకం నువ్వు పెడతావా? నా డిగ్రీలన్నీ ఆయన బీరువాలో ఉండాయి. దానికి నువ్వు కాపలా కాస్తావా?"

ప్రొఫెసర్ గురించిన మూడు వాక్యాలూ చెరిపేశాను. 'తనంతట తానే ఇచ్చింది, పొరపాటు ఒప్పుకుంటోంది' అని రాసి ఆమెకు చదివి వినిపించి పంపాను. ఒప్పుకుంటే మందలించి వదిలేస్తారనుకున్నాం ఇద్దరం. మా పల్లెల్లో పంచాయతీలు అలాగే తెగుతాయి. మేం రాసింది పంచాయతీకి కాదని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు నాలుగు వరుసల జవాబు వచ్చింది. తెలిసి తాళం ఇచ్చినందుకు సర్టిఫికెట్ రద్దు. ఏడాదిదాకా కొత్తది లేదు. రద్దు జాబితా అన్ని దేశాలకూ వెళ్లింది. పదకొండు గంటలకు ఇటలీ యంత్రం ఆమె లెక్కను మధ్యలో ఆపేసింది. ఆ వారంలోనే చక్రధర్ సర్టిఫికెట్ వచ్చింది. మిగిలిన పద్దెనిమిది రోజుల వంతు ప్రొఫెసర్ అతనికి మార్పించాడు.

రేవతి నా బల్ల దగ్గర నిలబడి ఆ జవాబు రెండుసార్లు చదివింది.

"ఆయన పేరు యాడా లేదే."

"నువ్వే గదమ్మా తీసేయమన్నావు," అన్నాను.

కాగితం మీంచి తలెత్తింది.

"అవునన్నా. తీసేసింది మాత్రం నువ్వు," అంది.

కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను దానికి నంబరు వేసి ఫైల్లో గుచ్చాను.