తలుపు పిడికి ఎర్ర తొడుగు

వారంలో మూడు రోజులు ఎల్డన్ ఇంటి కింది గదిలోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటాడు. మంగళ, గురువారాలు మాత్రం తాముండే గ్వెల్ఫ్ నుంచి టొరంటోకి రైల్లో పోవాలి. ఆ రోజుల్లో కూతురు టిల్లీ నిద్ర లేవకముందే గడప దాటుతాడు. భార్య మార్నీ ఆసుపత్రిలో నర్సు, మధ్యాహ్నం డ్యూటీ. అతను తిరిగొచ్చేసరికి ఆమె ఉండదు. ఈ సందులో పిల్లను కనిపెట్టుకుని ఉండేది పక్కింటి వెర్నా మామ్మ.

నాలుగేళ్ళ పిల్లకి మీటింగంటే ఏం తెలుస్తుంది? అందుకని ఎల్డన్ ఒక గుర్తు పెట్టాడు. వంటింటి పక్కన, కింది గదికి దిగే తలుపు పిడికి జత పోయిన టిల్లీ ఎర్ర ఉన్ని చేతితొడుగు తగిలించి ఉంటే నాన్న పనిలో ఉన్నట్టు. తట్టకూడదు, పిలవకూడదు. టిల్లీ ఒక్కనాడూ ఆ మాట దాటలేదు. ఆ బుద్ధికి అతను మురిసిపోయేవాడు.

రాత్రి భోజనానికి ముందు చేయీ చేయీ పట్టుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం వాళ్ళింట్లో తాతల నాటి అలవాటు. ఈ గురువారం ఆ నాలుగు మాటలూ మొదటిసారి టిల్లీ ఒక్కతే చెప్పాలి. వారమంతా స్నానపు తొట్టిలో కూడా వల్లెవేసింది. "నేనొచ్చేదాకా ఆగు తల్లీ, నీ పక్కనే కూర్చుంటాను" అని ఎల్డన్ మాటిచ్చాడు.

గురువారం సాయంత్రం మంచు ముంచుకొచ్చి రైలు దారిలోనే ఆగిపోయింది. పెట్టె నిండా జనం, ఎవరి ఫోను వాళ్ళది. పిల్లకి అన్నం పెట్టెయ్యమని వెర్నా మామ్మకి కబురు చేసి, కిటికీ అద్దంలో తన మొహం తానే చూస్తూ కూర్చున్నాడు ఎల్డన్.

ఇల్లు చేరేసరికి మామ్మ కోటు వేసుకుని సిద్ధంగా ఉంది. పొయ్యి అరలో అతని పళ్ళెం మూతపెట్టి ఉంది. టిల్లీ రాత్రి బట్టలు తొడుక్కుని, సోఫాలో మోకాళ్ళు ముడుచుకుని, అప్పుడే కునుకులోంచి లేచి కళ్ళు నులుముకుంటోంది. అతను వీధి తలుపు తీసుకుని రావడం చూడలేదు.

"పని అయిపోయిందా నాన్నా?" అంది. "విన్నావా మరి?"

అతనికి అర్థం కాలేదు. మామ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ఆ తలుపు దగ్గరికి పోయి చెప్పిందయ్యా ప్రార్థన. నాన్న రైల్లో ఉన్నాడే అంటే వింటేనా. తొడుగుంది కదా మామ్మా, లోపలే ఉన్నాడు అని నాకే బుద్ధి చెప్పింది. నీ పనికి అడ్డమొస్తుందని గుసగుసగా చెప్పి, వచ్చి బుద్ధిగా తినేసింది."

ఎల్డన్ తలుపు వంక చూశాడు. నిన్న తగిలించిన తొడుగు, తీయడం మరిచిపోయాడు. ఎన్ని మంగళవారాలు, ఎన్ని గురువారాలు ఇలాగే మరిచిపోయాడో.

విన్నానంటే సరిపోయేది. పిల్ల హాయిగా పడుకునేది. కానీ దేవుడితో చెప్పిన మాట మీద అబద్ధం ఆడటానికి అతనికి నోరు రాలేదు.

"లేదమ్మా. నేను లోపల లేను."

టిల్లీ కళ్ళు నులమడం ఆపింది. "మరి నేనెవరికి చెప్పాను?"

"దేవుడు విన్నాడు తల్లీ."

"దేవుడికి కాదు. నీకు."

ఇంకోసారి చెప్పమని బతిమాలాడు. అది తినకముందు చెప్పేది, నేను తినేశాను, అని తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆ మొహంలో, నిద్రే ఉంది. పడుకోబెడితే గోడవైపు తిరిగి నిద్రపోయింది.

మామ్మ వెళ్ళిపోయింది. మార్నీ రావడానికి ఇంకా చాలా సేపుంది. ఎల్డన్ పళ్ళెం తెచ్చుకుని బల్ల ముందు కూర్చున్నాడు. పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. లేచి పళ్ళెంతో సహా వెళ్ళి ఆ తలుపు ముందు, పిల్ల నిలబడ్డ చోట చతికిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ళుగా తను చెప్పుకుంటున్నదీ మూసిన తలుపుకేనా? అవతల ఎవరో ఉన్నారనే కదా, ఇంత నెమ్మదిగా, ఇంత భయభక్తులతో.

తొడుగు తీసి చేతికి వేసుకుందామని చూశాడు. వేళ్ళు పట్టలేదు. దాన్నే గుప్పిట్లో పట్టుకుని, ఆ నాలుగు మాటలూ గుసగుసగా చెప్పి, చల్లారిన అన్నం తినడం మొదలుపెట్టాడు.