రాహేలమ్మ మూడో చరణం

ఒమాన్‌లో సెలవు శుక్రవారం కాబట్టి దార్సైట్‌లోని సుమలత ఫ్లాట్‌లో ఆరాధన కూడా శుక్రవారమే జరిగేది. ఆమె సోఫా పక్కకు జరిపి చాపలు పరిచేది. పది పదిహేను మంది తెలుగువాళ్లు వచ్చేవారు. భర్త ప్రభాకర్ పాట ఎత్తుకోగానే ఆ పాట రాసినవాళ్లూ వచ్చి కూర్చునేవారు. అందరూ వందేళ్ల కిందటి మనుషులే. తలపాగా చుట్టిన పంతుళ్లు, బాణీలు కట్టిన గడ్డం దొరలు. ప్రభాకర్ తమ బాణీని ఈడ్చి ఈడ్చి పాడుతుంటే దొరలు మొహం చిట్లించేవారు గానీ, సుమలత ఇచ్చిన టీ మాత్రం కాదనేవారు కాదు. ఆమెన్ పడగానే కప్పు కింద పెట్టి వెళ్లిపోయేవారు.

ప్రభాకర్‌కు ఒక దురలవాటు ఉంది. పాట కాస్త పొడుగైతే చాలు, "మూడో చరణం వదిలేసి ఆఖరిది పాడుకుందాం" అనేవాడు. వంటింట్లో బగారన్నం చల్లారిపోతుందని ఆయన బెంగ. వందల పాటలు రాసినవాళ్లు గనక ఆ పంతుళ్లూ దొరలూ పట్టించుకునేవారు కాదు.

రాహేలమ్మ అలా కాదు. ఒంగోలు వైపు మిషన్ ఆసుపత్రిలో ఊరందరికీ పురుళ్లు పోసి, తనకు మాత్రం పిల్లలు లేకుండానే పోయిన మనిషి. బతుకు మొత్తంలో రాసింది ఒక్కటే పాట. సుమలతకు ఐదో నెల నడుస్తుండగా ఆ పాట పాడి, అలవాటు ప్రకారం మూడో చరణం వదిలేశారు. అందరూ కంచాల వైపు నడిచారు. తెల్లచీర ముసలావిడ చాప మీదే ఉండిపోయింది.

"నా పాట ఇంకా అయిపోలేదుగా నాయనా" అంది.

ప్రభాకర్ తల గోక్కున్నాడు. "వచ్చే వారం పూర్తిగ పాడుతమమ్మా."

"సరే, అందాకా ఉంటాలే."

సుమలతకు అంతకుముందు రెండు కాన్పులు చేతికందకుండా పోయాయి. ఈసారి తల్లి తోడుంటుందనుకుంటే వీసా రాలేదు. భర్త రుసైల్ గోడౌన్‌కు డ్యూటీకి పోతే పగలంతా నాలుగు గోడలే, భయమే. అలాంటి ఇంట్లో రాహేలమ్మ ఆ వారమంతా మెంతులు నానబెట్టింది, నడుముకు నూనె రాసింది, మాట్లాడింది. సుమలతకు కంటినిండా నిద్ర పట్టింది. మళ్లీ శుక్రవారం రాగానే ఆమె భర్తను వంటింట్లోకి లాగింది.

"నీకు దండం పెడ్తా, ఆ మూడో చరణం పాడకు. పాడితే ఆమె పోతది."

వెనకాల ఉల్లిపాయలు తరుగుతున్న రాహేలమ్మ విననట్టే నవ్వుకుంది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున సుమలతకు తలనొప్పి మొదలైంది. ఎండకే అనుకుంది. రాహేలమ్మ ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది ఎండ కాదు తల్లీ. లే."

గబగబా పోయి ఎదురు తలుపు కొట్టింది. అది కడప హలీమా వాళ్ల ఇల్లు. భర్త వజీర్ కంపెనీ కారు నడుపుతాడు.

"ఏం పెద్దమ్మా, ఇంత తెల్లారే వస్తివి?" అంది హలీమా.

"మీ ఆయన్ను బండి తియ్యమను."

ఎందుకని హలీమా అడగలేదు, చెప్పులు కూడా వేసుకోకుండా దిగింది. సాయంత్రం దాకా ఆగుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరు చెప్పేసరికే, ఆడపిల్ల పుట్టి కెవ్వుమంటోంది.

పురుటి స్నానాలన్నీ రాహేలమ్మే పోసింది. పిల్ల బుగ్గలు నిండాక ఒక శుక్రవారం సుమలత తనే అంది.

"ఇయ్యాల రాహేలమ్మ పాట. మొత్తం."

"పోతది మరి" అన్నాడు ప్రభాకర్ మెల్లగా.

"ఎన్ని దినాలు కట్టేసుకుంటం? మనకోసం కూసున్నది చాలు."

సుమలత బిడ్డను రాహేలమ్మ ఒడిలో పెట్టింది. అందరూ ఎత్తుకున్నారు. మూడో చరణం ఎవరి నోటా ఆడింది కాదు, తడబడుతూనే పాడారు.

*వట్టి చేతుల వచ్చితినయ్యా, నిండు ఒడితో పోవుచుంటిని.*

రాహేలమ్మ కళ్లు తుడుచుకోలేదు. ఆఖరి చరణం ముగిసేలోపు బిడ్డ నుదురు ముద్దుపెట్టుకుని తల్లి చేతికి ఇచ్చింది. సుమలత ఆ చేతుల్ని తన కళ్లకు అద్దుకుంది. ఆమెన్ పడింది. చాప మీద ఎవరూ లేరు.

ప్రభాకర్ పుస్తకం తిరగేసి ఇంకో పాట తీశాడు. అది ఏడు చరణాల పాట. బగారన్నం ఉడికి చాలాసేపైందని వంటింట్లోంచి ఎవరో గుర్తుచేశారు.

"చల్లారనీయ్" అని మొదటి చరణం ఎత్తుకున్నాడు.