మోకాళ్ళ కప్పు

మా ఆయన ఇరవై ఏళ్ళు పైబడి ఛాంపియన్. గొప్పలు కాదు, నిజమే చెబుతున్నాను. ఆయన గెలిచిన గోల్ఫ్ పోటీ ఆ మరుసటి ఏడాది జరగలేదు, ఆ పై ఏడాదీ జరగలేదు, ఇక మరి జరగనే లేదు. ఓడించడానికి ఎవరూ రాకపోతే మనిషి ఎలా ఓడిపోతాడు చెప్పండి?

ఆ పోటీ చరిత్రంతా నాకు కంఠతా వచ్చు. మా పెళ్ళయిన ఏడాదే అదీ పుట్టింది. మొదట రంగుల కంపెనీ డబ్బు పెట్టింది కాబట్టి దాన్ని రంగుల కప్పు అనేవారు. ఆటనే బతుకుతెరువు చేసుకున్న మా ఆయన లాంటి వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆడేవారు. రంగుల కంపెనీ మొహం చాటేశాక పరుపుల కంపెనీ వచ్చింది. అప్పుడు గెలిచినవాడికి కప్పుతో పాటు ఇంత మందాన పరుపు కూడా ఇచ్చేవారు. ఒకాయన దాన్ని బస్సెక్కించలేక, ఆ రాత్రి స్టాండులోనే పరుచుకుని హాయిగా పడుకున్నాడు. తర్వాత ఫ్యాన్ల కంపెనీ. ఫ్యాన్ల కప్పు రెండోసారి జరిగినప్పుడు మా ఆయన ఒక్క దెబ్బ తేడాతో గెలిచారు. ఈ ఆటలో తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు. ఆ తర్వాత ఆ కంపెనీ కూడా చల్లగా జారుకుంది. క్లబ్బువాళ్ళు ‘ఈ ఏడాదికి వాయిదా’ అన్నారు. ఆగిపోయిందని మాత్రం ఏ ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు. నా కొంప ముంచింది అదే.

ఎందుకంటే ఆ పోటీకో ఆనవాయితీ ఉంది. పాత ఛాంపియన్ ఆ కప్పులో తన చేత్తో టీ పోసి కొత్త ఛాంపియన్‌కి అందించాలి. రెండో ఏడాది జోరువానలో తడిసి ముద్దయినవాళ్ళకి గ్లాసులు దొరక్క మొదలైన పద్ధతది. కొత్తవాడు ఆ టీ తాగేదాకా పాతవాడే ఛాంపియన్.

ఈలోగా మా ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. మా తమ్ముడు ఎముకల డాక్టరు. ఎక్స్‌రే చూసి మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“బావా, ఇందులో అరగడానికి ఇంకేం మిగల్లేదు. ఆపరేషన్ చేయించుకుని పోటీలు మానెయ్. ఇలాగే నెట్టుకొస్తే మంచం పడతావు.”

“ఛాంపియన్ కప్పు అప్పగించకుండా ఎలా మానేస్తాడోయ్? ఎవరికైనా టీ పోసిన మర్నాడు నేనే వచ్చి నీ బల్ల మీద పడుకుంటాను.”

“ఎవరికి పోస్తారండీ? ఆ పోటీ పోయి ఎన్నేళ్ళయింది!” అన్నాను.

“పోలేదు. వాయిదా పడింది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ పొద్దున్నే ఆయన గోడ పట్టుకుని, నేను చూడటం లేదనుకుని, ఒక్కో అడుగూ వేస్తుంటే నా ప్రాణం విలవిల్లాడేది. ఇక లాభం లేదని నేనే కొంగు బిగించాను.

క్లబ్బు సెక్రటరీ దగ్గరికెళ్ళి, వాయిదా వేసిన పోటీ ఎప్పుడు పెడతారని నిలదీశాను. డబ్బు పెట్టే కంపెనీ లేదని ఆయన నసిగాడు. తిన్నగా మా తమ్ముడి ఆసుపత్రికెళ్ళాను.

“ఒరేయ్, నువ్వు పెట్టరా.”

“ఒక్క ఆపరేషన్ కోసం పోటీ పెట్టిన డాక్టర్ని లోకంలో నేనొక్కణ్ణే అవుతానక్కా!” అని నెత్తి బాదుకున్నాడు. బాదుకునే ఒప్పుకున్నాడు. క్లబ్బు గేటుకి గుమ్మడికాయంత మోకాలి చిప్ప బొమ్మతో ‘మోకాళ్ళ కప్పు’ అని బ్యానర్ కట్టించాడు. దాన్ని చూసి మా ఆయన “ఛీ, ఇదేం పేరే!” అన్నారు. అంటూనే వెళ్ళి బూట్లు తుడుచుకున్నారు.

పాత ఆటగాళ్ళందరికీ ఫోన్లు చేశాను. “అన్నయ్యా, మీకు పుణ్యం ఉంటుంది, ఎలాగైనా ఆయన్ని ఓడించండి” అని బతిమాలాను. ఒకాయన, “ఓడిస్తాను గానీ అమ్మా, నా పొట్టకి అవతల బంతి నాకు కనబడాలిగా!” అన్నాడు. ఇక నా ఆశంతా, మేమంతా నిదానం గారని పిలుచుకునే ఆటగాడి మీదే. కొట్టబోయే ముందు ఆయన బంతిని చూస్తాడు, ఆకాశం చూస్తాడు, మళ్ళీ బంతిని చూస్తాడు. ఈలోపు పక్కవాళ్ళకి ఆకలేస్తుంది. ఆఖరిసారి మా ఆయన చేతిలో ఓడింది ఆయనే.

పోటీ రోజున మధ్యాహ్నానికల్లా మిగతావాళ్ళంతా చతికిలబడ్డారు. ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి మా ఆయనా నిదానం గారూ సరిసమానంగా ఉన్నారు. ఇద్దరి బంతులూ గుంతకి దగ్గర్లోనే పడ్డాయి, మా ఆయనది మాత్రం కాస్త ఎత్తు గడ్డిలో ఉంది. ఆయన కర్ర పట్టుకుని వంగారు. మోకాలు మడతపడి తూలారు, ఎలాగో నిలదొక్కుకున్నారు. వెంటనే చెయ్యెత్తారు.

“నా కర్ర తగిలి బంతి కదిలింది. నాకో దెబ్బ కలిపి రాసుకోండి.”

అవతల బంతి తుడుచుకుంటున్న నిదానం గారు తలెత్తి, “నేను చూళ్ళేదే!” అన్నాడు.

“నేను చూశాను.”

పొద్దున్నుంచీ ఈ మనిషి ఓడిపోవాలని వెయ్యి దేవుళ్ళకు మొక్కుతున్నదాన్ని, నాకేం పూనిందో తెలియదు. లేచి నిలబడి గట్టిగా అరిచేశాను. “ఎవరు చూశారండీ! నోరు మూసుకుని కొట్టక!”

అందరూ నా వైపు తిరిగారు. మా తమ్ముడు భుజం పట్టి లాగి కూర్చోబెట్టాడు. “అక్కా, ఇంతకీ నువ్వు ఎవరి పక్షం?”

ఏమో, నాకే తెలియలేదు. మా ఆయన బంతిని పాత చోటే పెట్టి కొట్టారు. అది గుంత అంచుదాకా వెళ్ళి ఆగింది. ఇంకో దెబ్బకి లోపల పడింది. నిదానం గారు బంతిని చూశాడు, ఆకాశం చూశాడు, మళ్ళీ బంతిని చూశాడు. ఆయన బంతి ఒక్క దెబ్బకే గుంతలో పడింది.

మా ఆయన ఫ్లాస్కు వంచి కప్పులో టీ పోసి అందించారు. నిదానం గారు రెండు చేతులా అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. జీవితంలో ఆయన తొందరగా చేసిన పని అదొక్కటే. తాగి, మా ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నిదానం గారి భార్య మాత్రం నా చెయ్యి గిల్లింది. “అక్కా, వచ్చే ఏడాది మళ్ళీ పెడతారు కదూ? ఈయనకి నడుం నొప్పి. ఈ కప్పు మా ఇంట్లో ఇరవై ఏళ్ళు తిష్ట వేస్తే నా గతేంటి?”

నేను మా తమ్ముడి వైపు చూశాను. వాడు చూపు పక్కకి తిప్పుకున్నాడు.

జనం కదిలాక మా ఆయన బెంచీ మీద కూర్చుని బూటు విప్పబోయారు. వంగలేకపోతున్నారు. నేనే కింద కూర్చుని లేసు విప్పాను. కోపం ఇంకా తగ్గలేదు నాకు.

“ఎందుకు చెప్పారు? ఒక్కరూ చూడలేదుగా!”

“చెప్పకుండా గెలిచి ఉంటే ఆ టీ నాకు నేనే పోసుకోవాలి. ఎలా తాగను?”

రెండో బూటు కూడా తీశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి లేవబోయి, మళ్ళీ కూలబడ్డారు.

“నొప్పిగా ఉందే,” అన్నారు. “చాలా నొప్పిగా ఉంది. ఎన్నేళ్ళనుంచో.”

ఆయన్ని తిట్టాలని దాచుకున్న తిట్లన్నీ ఏమైపోయాయో, ఒక్కటీ బయటికి రాలేదు. కళ్ళు తుడుచుకుని లేచి, కారు ఇటు తీసుకురమ్మని మా తమ్ముణ్ణి కేకేశాను.