కల్లుతో పొంగిన నూనె రొట్టె

హలో, అందరికీ నమస్కారమండీ, వందనాలండీ. వినపడుతోందిగా? పనిలో ఉన్నవాళ్ళు పని మానక్కర్లేదు, చెవి ఇటు పడేస్తే చాలు. రొట్టె సంగతి ఇది. ఇటలీ వాళ్ళ రొట్టె, ఫొకాచా అంటారు. అది మన నరసరావుపేట పక్క పల్లెలో పొంగిన సంగతి.

పెద్ద యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం. కల్లు మాన్పించే చట్టం ఇంకా మన వైపు రాలేదు. రొంపిచెర్ల దారిలో, పేటకి నడిచిపోయేంత దూరంలో ఉన్న పల్లెలో దేవమ్మ కాపురం. ఆమె మొగుడు నెహెమ్యా యుద్ధమంతా బెంగుళూరు దగ్గర ఒక క్యాంపులో వంట చేశాడు. ఇటలీ సోల్జర్లని పట్టుకొచ్చి అక్కడ ఖైదులో పెట్టారు. వాళ్ళ దగ్గరే ఆ రొట్టె నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయి క్యాంపు ఎత్తేశాక ఇంటికొచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాడో లేదో, బొంబాయి ఓడల్లో వంటవాళ్ళని తీసుకుంటున్నారు, పోతానన్నాడు.

దేవమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఆయన లేని అన్నాళ్ళూ మిరప కోతలకి ఒక్కతే పోయింది, జ్వరమొస్తే ఒక్కతే మూలిగింది. మళ్ళీ ఆ బతుకు తన వల్ల కాదు. అందుకే పేటలో డాక్టరమ్మ బంగళాకి వంటవాడు కావాలని తెలిసినప్పుడు, మొగుణ్ణి తనే వెంటబెట్టుకుని పోయింది.

డాక్టరమ్మ మిషన్ ఆసుపత్రి చూసే అమెరికా ఆవిడ. చిన్న సంచిడు మైదా పిండి ఇచ్చి, ఆదివారం సాయంత్రం చుట్టాలొస్తారు, ఆ రొట్టె చేసి తీసుకురా, తిని చెబుతానంది. ఇంకోమాట కూడా గట్టిగా చెప్పింది. తాగేవాణ్ణి వంటింట్లోకి రానివ్వదట. ఇతను తాగడని వీళ్ళ క్రైస్తవ సంఘం పెద్ద వచ్చి చెప్పాలట.

క్యాంపులో నిన్నటి పిండిలో ఒక ముద్ద దాచి, ఇవాళ్టి పిండిలో కలిపేవాళ్ళు. దాంతో పొంగేది. నెహెమ్యా అలాంటి ముద్ద ఒకటి గుడ్డలో కట్టుకుని రైల్లో తెచ్చాడు గానీ, విప్పి చూస్తే నల్లగా బూజు పట్టి ఉంది. ఇక పొంగు దేంతో రావాలి? పక్కింటి హమీదా దారి చెప్పింది. వాళ్ళ పుట్టింటివాళ్ళు పేటలో నాన్ రొట్టెలు కాలుస్తారు. పిండిలో కల్లు పోస్తే కూర ఉడికేలోపు బుస్సున లేస్తుందట.

నెహెమ్యా ఆ మాటకే భయపడ్డాడు. బాప్తిస్మం నాడు కల్లు ముట్టనని సంఘం ముందు ఒట్టు పెట్టినవాడు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టాడు. తాటిబెల్లం వండటానికి చెట్టుకి కట్టే కల్లు కుండ, అదే లొట్టి, లోపల సున్నం రాసి దించే తీపి కల్లు ఉంటుంది. చంటిపిల్లలు కూడా తాగుతారు, నిషా ఉండదు. అది పోస్తే రొట్టెకి రొట్టే, ఒట్టుకి ఒట్టూ అనుకున్నాడు. తాటిచెట్లు గీసే పిచ్చియ్య దగ్గర తెచ్చి సగం పిండి కలిపాడు. పొద్దుగూకేదాకా చూశారు. పిండి పెట్టిన చోటే పెట్టినట్టుంది. కాలిస్తే రాయి. బర్రె కూడా రెండుసార్లు నమిలి ఊసింది.

మర్నాడు దేవమ్మ పిచ్చియ్యని నిలదియ్యటానికి పోయింది. అతను చెట్టు దిగుతూనే నవ్వాడు.

"సున్నం రాసేదే పొంగు రాకుండానే. పొంగు సంపిన కల్లు తీసకపోయి పిండి లేవలేదంటే నేనేం జేసేదే, తల్లీ?"

ఉన్నది సగం పిండి. తెల్లారితే ఆదివారం. దేవమ్మ మొగుడితో చెప్పకుండా, నురగలు కక్కే పులిసిన కల్లు ఒక లొట్టి కొని కొంగు కప్పుకుని బయల్దేరింది. కొంగు లొట్టిని కప్పుతుంది గానీ వాసనని కప్పుతుందా? వీధి మలుపులో సంఘ పెద్ద కృపావరం ఎదురయ్యాడు. రేపు బంగళాలో మాట చెప్పాల్సింది ఆయనే.

"ఏమే దేవమ్మా, కొంగు కింద ఏంది?"

మజ్జిగ అనొచ్చు. వాసన ముందు ఆ అబద్ధం నిలవదని ఆమెకి తెలుసు.

"కల్లు, మావా."

"నెహెమ్యాకా?"

"పిండికి."

"సంఘంలో చానా సాకులు విన్నా. పిండి తాగిద్దని ఇప్పటిదాకా ఎవరూ సెప్పలా."

"అయితే వచ్చి కూసో మావా. ఒక్క చుక్క మా నోట్లో పడితే, సంఘంలో మా పేర్లు నువ్వే కొట్టెయ్."

ఆయన నిజంగానే వచ్చి, గడపలో కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తాగితేనే ఒట్టు పోయేదని చెప్పి దేవమ్మ లొట్టి మొగుడి ముందు పెట్టింది. నెహెమ్యా చేతులు పనిలో పడ్డాయి. పిండిలో ఉప్పు, కల్లు పోసి జారుగా కలిపి, తడిగుడ్డ కప్పి ఎండలో పెట్టాడు. దేవమ్మ పప్పు దించేసరికి గిన్నె నిండా పిండి. అందులో కొంత తీసి నూనె రాసిన ఇనప పళ్ళెంలో పరిచి, వేళ్ళతో గుంటలు గుంటలుగా నొక్కి, గుంటల్లో వేరుశనగ నూనె పోసి, రాళ్ళ ఉప్పూ ఉల్లిపాయ ముక్కలూ చల్లాడు. పళ్ళేన్ని పొయ్యి మీద పెట్టి, పైన మూకుడు బోర్లించి, మూకుడు మీద కూడా నిప్పులు పోశాడు. అంతే పని.

మిగిలిన కల్లు కృపావరం తన చేత్తోనే పెంటదిబ్బ మీద పారబోశాడు. రొట్టె దిగాక ముక్క తుంచి, వాసన చూసి, వెలుగులో తిప్పి చూసి తిన్నాడు. ఇంకో ముక్క అడిగి తిన్నాడు.  రేపు తనూ వస్తున్నానని చెప్పి లేచాడు.

ఆదివారం సంఘం అయ్యాక నిన్న కల్లుతో కలిపిన దాంట్లో మిగిలిన పిండితో పెద్ద రొట్టె కాల్చి పట్టుకెళ్ళారు. చుట్టాలు పళ్ళెం ఖాళీ చేశారు. ఇంత మెత్తగా ఎలా పొంగిందని డాక్టరమ్మ అడిగింది. నెహెమ్యా, పాత పిండి ముద్ద అని నీళ్ళు నమలబోయాడు. దేవమ్మ ముందుకొచ్చింది.

"కల్లు పోశామండి."

డాక్టరమ్మ చేతిలో ముక్క ఆగిపోయింది. కృపావరం వైపు చూసింది. ఆయన చూసిందంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. ఎంత పోశారో, మిగిలింది ఎక్కడ పారబోశాడో అన్నీ చెప్పాడు.

"ఆ మడిసి తాగడండి. రొట్టె నేనూ తిన్నా. చక్కంగానే నడిచొచ్చా."

చుట్టాల్లో ఎవరో నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. కల్లు కుండ తన గడప దాటడానికి వీల్లేదంది. నెహెమ్యా తువ్వాలు భుజాన వేసుకున్నాడు, ఇక బొంబాయే అన్నట్టు.

"కల్లు రాదండి. మా ఇంట్లోనే ఉంటది. రొట్టె రావచ్చాండి?" అంది దేవమ్మ.

ఆవిడ చేతిలో ఆగిన ముక్క నోట్లో వేసుకుంది. రేపు పొద్దున్నుంచి వంటకి రమ్మని నెహెమ్యాతో చెప్పి, రొట్టె మాత్రం దేవమ్మ ఇంట్లోనే కాలాలంది.

తిరిగొచ్చేటప్పుడు నెహెమ్యా, నన్ను ఆ మాట దాటెయ్యనియ్యకపోయావా అన్నాడు. దాటేస్తే రొట్టె కాల్చిన ప్రతిసారీ దొంగల్లాగా బతకాలి, నాకా ఓపిక లేదు అంది దేవమ్మ. ఆయన బొంబాయి ఊసు వదిలేశాడు. పొద్దున్నే పేటకి పోవటం, దీపాల వేళకి ఇంటికి రావటం, అలా సాగింది వాళ్ళ కాపురం.

మీరు చేసుకోవాలంటే కల్లు కోసం తిరగనక్కర్లేదండోయ్, ఈస్టు పొట్లం కిరాణా కొట్లో దొరుకుతుంది. ఇది నచ్చితే మీ ఇంట్లో వంట చేసేవాళ్ళకి ఒకళ్ళకి పంపండి. వాళ్ళని ఇంకొకళ్ళకి పంపమనండి. దేవమ్మ పేరు నాలుగిళ్ళల్లో వినపడితే బాగుంటుంది.