కోసిన స్తంభం

ఉదయం పదింటికి నేల కదిలింది. నా టోపీల కొట్టులో వేలాడే దీపం నాలుగుసార్లు ఊగి ఆగింది. బుకారెస్టులో పుట్టినవాళ్ళం ముందు దీపం వంకే చూస్తాం, అది ఆగాకే ఊపిరి పీలుస్తాం. బేరమాడుతున్నావిడ నెత్తిన టోపీతోనే మగేరు బులెవార్డులోకి పరుగెత్తింది. నేను మాత్రం కిటికీ పక్కనున్న నిలువుటద్దం వంక చూశాను.

దాని వెనక ఉండాల్సిన స్తంభం లేదు, మోకాలెత్తు మొండి ఉంది. ఎదురు కొట్టువాడి గాజు కిటికీ మాదానికంటే పెద్దదని మా ఆయన ట్రయాన్ కుళ్ళిపోయేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఈస్టరుకి అందరూ ఊళ్ళకి పోయినప్పుడు, కిటికీ వెడల్పు చేయించడానికి ఆ స్తంభాన్ని కోయించాడు. కొత్త గాజు చూసి మురిసిపోయినదాన్ని నేనే. ఆయన పోయి మూడేళ్ళు. భయం నాకు మిగిలింది.

మా ఎనిమిదంతస్తుల భవనం గుమ్మానికి ఎర్ర బిళ్ళ ఉంది, పెద్ద భూకంపానికి నిలవదని. బలపరచాలంటే అందరూ సంతకం పెట్టి రెండేళ్ళు ఖాళీ చెయ్యాలి. పెట్టనిది ఆరో అంతస్తులోని మా అత్తగారు వెతూరియ ఒక్కతే. స్తంభం కోసినట్టు ఎక్కడ కనబడినా సంతకాలతో పనిలేకుండా ఆ రోజే అందర్నీ బయటికి పంపేస్తామని పోయినవారం ఇంజనీరు పావెలెస్కు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన చెయ్యి నా అద్దానికే ఆని ఉంది. నేను టోపీలు సర్దుతూ ఉండిపోయాను.

ఇవాళ ఇక ఆగలేకపోయాను. లిఫ్టెక్కడానికి ధైర్యం చాలక మెట్లెక్కాను. అత్తగారు ఎప్పటిలాగే చెర్రీ మురబ్బా, గ్లాసుడు నీళ్ళు ముందుపెట్టింది. డెబ్బై ఏడు భూకంపంలో పక్క భవనం పిండయిపోయినా మనది చెక్కుచెదరలేదని పాత పాటే ఎత్తుకుంది.

"అత్తయ్యా, అప్పుడు నిలబడ్డ ఇల్లు కాదిది. కింద స్తంభాన్ని మీ అబ్బాయి కోయించేశాడు."

ఆమె గోడమీది కొడుకు ఫోటో వంక చాలాసేపు చూసింది.

"ఎవరికైనా చెప్పావా?"

లేదన్నాను.

"చెప్పకు. చచ్చినవాణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టిస్తావా? నేనెక్కడికీ రాను. భయమైతే నువ్వు పో."

"ముప్పై కాపురాలున్నాయత్తయ్యా."

"వాళ్ళందర్నీ నేను కన్నానా? వాణ్ణి కన్నాను."

మెట్లు దిగుతుంటే ఒక తలుపు వెనక ఉల్లిపాయలు వేగుతున్నాయి, ఇంకోచోట పసిబిడ్డ ఏడుస్తోంది. నిజం చెప్పాలంటే భూకంపం కంటే ఆ ముసలామెకే ఎక్కువ భయపడ్డాను. అయినా పావెలెస్కుకి ఫోన్ చేశాను. మనసు మళ్ళీ వద్దనేలోగా అద్దం మరలు విప్పేశాను.

ఆయన వచ్చి ఆ మొండిని చూశాడు, తర్వాత పైకప్పుని చూశాడు. గొంతు తగ్గించి, ముందు బయటికి నడవండమ్మా అన్నాడు.

మధ్యాహ్నానికి భవనమంతా ఫుట్‌పాత్ మీద ఉంది, కొందరు చెప్పులు కూడా లేకుండా. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు ఫైరు సిబ్బంది మోసుకొచ్చారు. ఆ స్తంభం కోయించిందెవరని అందరూ గొణుగుతున్నారు. ఆమె నన్ను వేలెత్తి చూపించింది.

"ఇదే కోయించింది. మా వాడు వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు."

ముప్పై కాపురాలూ నా వైపు తిరిగాయి. నోరు తెరిచాను. ఆమె నా నోటివంకే చూస్తోంది, జీవితంలో మొదటిసారి ఆమే నాకు భయపడుతోంది. అవునన్నట్టు తల దించుకున్నాను.